సోని అడిగిన ప్రశ్న

శనివారం ఆఖరి పీరియడ్. కల్పన టీచర్ కుర్చీలో ఆరో తరగతి నవ్య కూర్చుంది. చిక్కుకథ చెప్పే వంతు ఆ రోజు తనది.

మిగతావాళ్లు ప్రశ్నలు అడగాలి. నవ్య ‘అవును’, ‘కాదు’ అని మాత్రమే చెప్పాలి. బెల్లు కొట్టేలోగా ఎవరైనా విప్పితే వచ్చే శనివారం కుర్చీ వాళ్లది, లేకపోతే మళ్లీ నవ్యదే.

“ఒక అవ్వ ఉన్నది. గడియారం లేదు, ఫోన్ లేదు. అయినా రోజూ ఐదింటికే లేస్తది. ఒక్కనాడు ఏడు దాక లేవలే. ఎందుకు?”

“పాణం బాగలేదా?” హరీష్ అడిగాడు.

“కాదు.”

“కోడి కుయ్యలేదా?” ఇంకెవరో అన్నారు.

“కాదు.”

అప్పుడు సోని లేచింది. తండా నుంచి వచ్చి ఈ ఏడే బడిలో చేరింది. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. తెలుగు మాటలను ముందు మనసులో కూర్చుకుని మెల్లగా అంటుంది.

“అవ్వ... ఏదన్న చప్పుడు ఇని లేస్తదా?”

నవ్యకు కుర్చీ చేజారుతుందనిపించింది. ఇంకొక్క ప్రశ్న చాలు, జవాబు దొరికిపోతుంది!

“కాదు,” అనేసింది.

ఇక అందరూ ఎండ, దోమలు, ఆకలి అంటూ ఎటో వెళ్లిపోయారు. బెల్లు కొట్టింది.

“అవ్వ ఇల్లు జనగామ స్టేషన్ పక్కనే. రైలు కూతకు లేస్తది. ఆనాడు రైలు లేటు!” అంది నవ్య. పిల్లలు చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర సోని ఆపింది. “నవ్యా, కూతను చప్పుడు అనరా? నాకు తెలుగు సక్కగ రాదు. తప్పడిగినట్టున్న.”

నవ్య గబగబా గేటు దాటి వెళ్లిపోయింది.

సోమవారం టీచర్ అడిగిన ప్రశ్నలకు సోని చెయ్యెత్తలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర పప్పు కావాలని నోరు తెరవలేదు. గిన్నె వైపు వేలు చూపించింది. అది చూసిన నవ్య తన కంచం పక్కకు జరిపింది.

మళ్లీ శనివారం వచ్చింది. “రా నవ్యా, కూర్చో,” అంది టీచర్.

నవ్య వెళ్లింది కానీ కూర్చోలేదు.

“టీచర్, పోయినసారి నేను అబద్ధం చెప్పిన. సోని సరిగ్గనే అడిగింది. ఓడిపోతనని ‘కాదు’ అన్న.” సోని వైపు తిరిగింది. “సోనీ, నీ తెలుగు మంచిగనే ఉంది. తప్పు నాది.”

టీచర్ నవ్య భుజం మీద చెయ్యి వేసింది. “మరి కుర్చీ ఎవరిది?”

“సోనిది.”

సోని వచ్చి కూర్చుంది. కాసేపు మాటలు కూర్చుకుంది.

“మా బాపు చేతుల గొడుగుంది. వాన దంచికొడుతుంది. అయినా గొడుగు తెరవలే. ఎందుకు?”

“చినిగిందా?” హరీష్ అడిగాడు.

“కాదు.”

నవ్య చెయ్యెత్తింది. “బస్సుల కూసున్నడా?”

రెండే ప్రశ్నలు! చిక్కు విడిపోయింది. సోని ఫక్కున నవ్వింది.

“అవును!” అంది, పక్క క్లాసుకు వినిపించేంత గట్టిగా.