ఊపిరి పీల్చే గోడ

గురువారం మధ్యాహ్నం ఆమె స్పాంజి కొట్లోకి వచ్చి, నల్లటి స్పాంజి ముక్క ఒకటి బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. కరిచేదాన్ని కట్టేసి వచ్చినట్టు.

"ఇది మీరు కోసిందే కదా. ఊపిరి పీలుస్తోంది."

స్కేలు నవ్వలేదు. అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. రెండడుగుల స్టీలు స్కేలు చేతిలో లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. మంగళవారం నుంచీ ఆమె మళ్ళీ ఏ వంకతో వస్తుందా అని ఆలోచిస్తున్నాడు. దెయ్యాన్ని వెంటేసుకుని వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆమె పని పుస్తకాలు పైకి చదవడం. ఆడియో పుస్తకాలు చేసే కంపెనీ ఒకటి శాంపిల్ అడిగింది. శుక్రవారం సాయంత్రం ఐదుకల్లా అందాలి. నచ్చితే ఇంట్లోంచే ఉద్యోగం. నచ్చకపోతే సోమవారం నుంచి బావగారి ఆఫీసులో ఫోన్లెత్తాలి. బావ అక్కడ మాట కూడా ఇచ్చేశాడు. అక్కావాళ్ళింట్లో కిటికీ లేని సామాన్ల గది ఆమెకిచ్చారు. గొంతు గోడకి కొట్టుకుని మోగకుండా ఆ గదికి నాలుగువైపులా స్పాంజి అతికించుకుంది.

మంగళవారం మొదటిసారి వచ్చినప్పుడు ఆమె సంచిలో కత్తెరతో కోసిన ముక్కలున్నాయి. ఎలుకలు పీకినట్టున్నాయి. స్కేలు వాటిని చూసి, స్పాంజిని కత్తెరతో కోయడం, జుట్టుని సుత్తితో దువ్వుకోవడం ఒకటేనని అన్నాడు. ఆమెకి కోపం వచ్చింది. అయితే మీరు కోయండి, నేను చూస్తాను అని బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు గంటలసేపు నలభై ముక్కలు కోశాడు. ఆమె ప్రతిదానికీ ఎందుకూ అని అడిగింది. మొహం చూసి ప్రేమలో పడతారని కథల్లో రాస్తారు. అంతా బూటకం. అతను ఆమె మొహం సరిగ్గా చూడనే లేదు, చూపు కత్తి మీదుండాలి గనక. పడింది ఆ గొంతుకి.

"పదండి, విందాం," అన్నాడు ఇప్పుడు.

అక్కావాళ్ళింట్లో ఆ సామాన్ల గదిలోకి అడుగుపెట్టాక ఆమె తలుపు వేసింది. రోజంతా స్పాంజి మధ్యే బతికేవాడు, అయినా ఇలాంటి నిశ్శబ్దం ఎరగడు. మాట పెదవి దాటగానే చచ్చి కింద పడుతోంది. తను గుటక వేస్తే తనకే వినపడింది. చెవుల్లో రక్తం నడిచే చప్పుడు కూడా.

ఆమె హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. రికార్డింగ్‌లో ఆమె గొంతు, వెచ్చగా, తీరిగ్గా. వాక్యం అయిపోయింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత సన్నగా, పొడుగ్గా, ఎవరో నోరు తెరిచి గాలి లోపలికి లాక్కున్న చప్పుడు. మళ్ళీ వాక్యం. మళ్ళీ అదే.

"కామా దగ్గర రాదు," ఆమె గుసగుసగా అంది. "ఫుల్‌స్టాప్ దగ్గరే వస్తుంది. నేను ముగించేదాకా ఆగుతుంది."

స్కేలు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. లైటు తీసెయ్యమన్నాడు. పట్టపగలు ఆ గది బావి అడుగులా అయింది. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. చాలాసేపటికి, హెడ్‌ఫోన్స్ అవసరం లేకుండానే, వచ్చింది. ఎడమవైపు గోడ ఒకసారి నిదానంగా పీల్చుకుంది. చీకట్లో ఆమె చెయ్యి అతని చొక్కా చెయ్యిని దొరకబుచ్చుకుంది. అతను కూడా భయపడ్డాడు, కానీ ఆ చెయ్యి అక్కడే ఉంటే ఇంకో గంట భయపడటానికి అభ్యంతరం లేదనిపించింది.

అరచేత్తో గోడని తడిమాడు. చదునుగా ఉండాల్సిన గోడ నడిమధ్య పొట్టలా ముందుకొచ్చి ఉంది. చేతిని మెత్తగా నెడుతోంది.

"లైటు వెయ్యండి. ముక్కకీ ముక్కకీ సందు వదిలారా?"

పెన్సిలంత సందు వదిలానని ఆమె అంది. ఇప్పుడు గోరు పట్టే సందు కూడా లేదు. తన స్కేలు పెట్టి కొలిచాడు. పన్నెండు అంగుళాలకి కోసిన ముక్క పన్నెండుంబావు ఉంది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే.

అతని మొహంలో రంగు మారింది.

ఇంతలో ఆఫీసు నుంచి వచ్చిన బావ తలుపు తోసుకుని తొంగిచూశాడు. మరదల్ని ఏడిపించకుండా ఆయనకి టీ దిగదు. పాత అద్దెవాళ్ళు తమ మనిషినెవర్నో ఈ గదిలో మర్చిపోయి వెళ్ళినట్టున్నారనీ, పాపం ఆ పెద్దమనిషికి మా మరదలి చదువు నచ్చి నిట్టూరుస్తున్నాడనీ అన్నాడు.

స్కేలుకి దారి దొరికింది. దెయ్యం మీదికి తోసెయ్యొచ్చు. లేదా తేమ, పాత గోడ. ఎవరూ కాదనరు. ఆమె అతని వైపే చూస్తోంది.

"దెయ్యం కాదండీ. తప్పు నాది."

కొట్టుకి స్పాంజి బేళ్ళుగా, అంటే గాలి పోయేలా నొక్కి చుట్టిన కట్టలుగా వస్తుంది. బేలు విప్పాక షీట్లని ఒక పగలూ ఒక రాత్రీ పరిచి ఆరనివ్వాలి. గాలి పీల్చుకుని తన అసలు కొలతకొచ్చాకే కత్తి పెట్టాలి. కొట్టు బాబాయిది, ఆ కట్టుబాటూ బాబాయిదే. మంగళవారం పొద్దున విప్పిన బేలుని స్కేలు ఆ మధ్యాహ్నమే కోసేశాడు. ముక్కలు గోడెక్కాక పెరగడం మొదలుపెట్టాయి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అందిన గాలినల్లా పీల్చుకుంటూ.

"స్పాంజి కోయడంలో కూడా తప్పులుంటాయా?" అన్నాడు బావ.

ఉంటాయి. చేతులు మురికి కాని ఉద్యోగాలు చేసేవాళ్ళకి కనపడవు, అంతే.

ఆమె మాత్రం ఒక్కటే అడిగింది, రేపు ఐదుకి అవుతుందా అని. పొద్దున దాకా ఆగాలనీ, పెరుగుదల పూర్తిగా ఆగకుండా మళ్ళీ కోస్తే మళ్ళీ ఇదేననీ చెప్పాడు. ఫుల్‌స్టాప్ దాకా అది ఎందుకు ఆగేదో తనకి తెలియదని కూడా ఒప్పుకున్నాడు. తెలిసినట్టు నటించలేదు. ఇద్దరూ కలిసి నలభై ముక్కలూ ఊడదీసి, తెచ్చి కొట్లో పరిచారు.

శుక్రవారం పొద్దున కొట్లో బాబాయి, ఆరని షీటు మీద కత్తి పెట్టిందెవరని గర్జించాడు. స్కేలు తల దించుకున్నాడు. బాబాయి అతన్ని చూశాడు, స్టూలు మీద కూర్చున్న ఆమెని చూశాడు, ఇంకేమీ అనకుండా లోపలికెళ్ళి, ఇన్నేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని తన పొడుగు కత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పెరిగిన ముక్కలకి రెండువైపులా గీతలు గీశారు. ఆమె ముక్కని కదలకుండా పట్టుకుంది, గట్టిగా.

"నొక్కకండి. నొక్కిపెట్టి కోస్తే, చెయ్యి తీశాక అంచు లోపలికి గుంటపడుతుంది. ఊరికే ఆనించండి. కత్తిని లాగుతూ పోవాలి, తొయ్యకూడదు. తొందరపడితే చిరుగుతుంది."

"తొందరపడింది ఎవరు?" అంది.

అతను కత్తిని తర్వాతి గీత మీదికి జరిపాడు. అంచులు అద్దంలా వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి గోడలు మళ్ళీ నిండాయి, పెన్సిలంత సందుతో. మూడున్నరకి ఆమె చదవడం మొదలుపెట్టింది. స్కేలు తలుపు బయట నేల మీద కూర్చున్నాడు. లోపల్నుంచి ఒక్క అక్షరం వినపడలేదు. చదువుతోందో, ఆ గది ఆమెని మింగేసిందో తెలియని ఆ గంట అతనికి ఏడాదిలా గడిచింది. ఐదుకి పావుగంట ముందు తలుపు తెరుచుకుంది. మొహం పాలిపోయి ఉంది.

"పంపేశాను. ప్రతి ఫుల్‌స్టాప్ దగ్గరా ఆగి విన్నాను. ఏమీ రాలేదు."

శనివారం సాయంత్రం ఆమె కొట్టుకి ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చిందట. ఒకసారి ఇంటికి రమ్మంది.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఆ నిశ్శబ్దం మళ్ళీ వచ్చి అతని చెవుల మీద కూర్చుంది.

"మీ బాబాయిని అడిగాను. ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారి కూడా ఆరకముందు కోయలేదట. ఆ రోజెందుకు కోశారు?"

తప్పించుకోవడానికి అక్కడ కిటికీ కూడా లేదు.

"ఆరాక రమ్మంటే మీరు మర్నాడొచ్చేవారు. బాబాయి కోసి ఉంచేవాడు. మీరు సంచీలో వేసుకుని వెళ్ళిపోయేవారు. రెండు నిమిషాలు. అప్పుడే కోస్తే రెండు గంటలు కూర్చుంటారు. మీ గొంతు వినడానికి కోశాను. నాకు మీరంటే ఇష్టం."

మాటలు గోడల్లో ఇంకిపోయాయి. ఆ గదిలో గోడలు దేన్నీ తిరిగివ్వవు, మనిషే ఇవ్వాలి. అతను నిలబడి ఎదురుచూశాడు. గోడ పీల్చుకున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

"అండీ గిండీ మానేసి చెప్పు," అంది ఆమె చివరికి. "నలభై ముక్కలు ఊడదీసినవాళ్ళం. నాకూ ఇష్టమే."

బయటినుంచి బావ తలుపు కొట్టాడు. టీ చల్లారిపోతోందట, లోపల ఏం జరుగుతోందట.

"లోపలికి రాకు బావా, రికార్డింగ్ అవుతోంది," అని అరిచింది.

మైకు వైరు కూడా పెట్టి లేదు.