మామగారి ఓటు

మా మామగారు ఆంబ్రోస్ హాక్లీ ఓడిపోయింది తన సొంత ఓటు వల్ల. ఆ నింద మోసింది మాత్రం నా భార్య లెటిస్.

ఆయన ఇరవై ఏళ్లు వర్జీనియా శాసనసభ్యుడు. ఇంగ్లండు రాజుతో తెగతెంపులు జరిగిన ఏడాదంతా ఫిలడెల్ఫియా సభలోనే గడిపారు. సభ ఎక్కడుంటే అక్కడ ఉండేవారు, ఇంట్లో తప్ప. మరుసటి వసంతంలో అత్తగారు మంచం పట్టారు. వైద్యుడు పెదవి విరిచాడు. అయినా ఆయన మళ్లీ పోటీకి నిలబడ్డారు!

"అమ్మ పొద్దస్తమానం గుమ్మం వైపే చూస్తోందండీ! నాన్న మళ్లీ గెలిస్తే ఆయన్ని చూడకుండానే..." లెటిస్ నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. "మీ ఓటు ఆయన మీద నిలబడ్డ పెండ్రీకి వేయండి. ఓడితే ఇంటికొస్తారు!"

"మీ నాన్న ఎదురుగానే కూర్చుంటారు. ఓటంటే అందరి ముందూ పేరు నోటితో చెప్పాలి."

"చెప్పండి. నేనే చెప్పమన్నానని తర్వాత ఒప్పుకుంటాను."

ఎన్నిక రోజు కచేరీ ముందు విందుకు ఎద్దును కాలుస్తున్నారు. రమ్ము ఏరై పారుతోంది. ఎన్నిక జరిపే అధికారి షెరీఫ్. ఆయన బల్లకు అటూ ఇటూ అభ్యర్థులు. నేను "పెండ్రీ" అన్నాను. పెండ్రీ లేచి వంగి నమస్కరించాడు.

"ఏమయ్యా హాక్లీ! పిల్లనిచ్చావు, ఓటు రాబట్టుకోలేకపోయావా?" ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. మామగారు నవ్వలేదు.

అభ్యర్థి తన ఓటు ఎదుటివాడికి వేయడం మా దగ్గర మర్యాద. పెండ్రీ పొద్దున్నే ఆ మర్యాద తీర్చాడు. సాయంత్రానికి ఇద్దరూ సమానం. మిగిలింది మామగారి ఓటు ఒక్కటే. ఊరుకుంటే చాలు, ఓట్లు సమానమైతే తీర్పు చెప్పవలసిన షెరీఫ్ ఆయన స్నేహితుడే. మామగారు లేచి నిలబడ్డారు. "పెండ్రీ" అన్నారు.

ఇంటికి రాగానే నా మీద విరుచుకుపడ్డారు. లెటిస్ కాళ్ల మీద పడి నిజం చెప్పేసింది.

"కన్న కూతురే నా గొయ్యి తవ్విందా!"

మంచం మీద నుంచి అత్తగారు నవ్వారు. ఎన్నాళ్లకో! "అయితే ఇక ఎక్కడికీ వెళ్లరన్నమాట. ఆ బూట్లు విప్పండి."

విప్పారు. ఆకులు రాలే దాకా పక్కనే కూర్చుని చెంచాతో సూప్ తాగించారు. ఆవిడ ఆయన చేతుల్లోనే పోయారు. కూతురితో మాత్రం ఒక్క మాట లేదు.

అమ్మ సమాధి దగ్గర నుంచి వస్తూ లెటిస్ అడిగింది. "నాన్నా... ఊరుకున్నా గెలిచేవారుగా. ఎందుకు వేశారు? మీకూ ఇంటికి రావాలనే ఉందా?"

"మర్యాదకు వేశాను. నువ్వు చేసింది ద్రోహం!"

ఆ తర్వాత లెటిస్‌కు అదే ధ్యాస. రొట్టె పిండి పిసుకుతూ ఆగిపోయేది. "నాన్న మనసులో ఏముందంటారండీ?" నాకేం తెలుసు! చివరికి జ్వరంతో పడకేసినప్పుడు కూడా అదే అడిగింది. ఆ జ్వరంతోనే పోయింది.

ఆమెను పూడ్చిన రోజు ముసలాయన టోపీ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"అల్లుడూ... ఆ రోజు నేను ఎందుకు వేశానంటే..."

"వద్దు మామగారూ. అడిగిన మనిషి పోయింది."

ఆయన్ని అక్కడే వదిలి వచ్చేశాను. ఆ సంగతి ఆయన్ని అడగలేదు, అడగను. మీకు చెప్పడం కూడా ఇదే ఆఖరు.