ఎండు బావిలోంచి ఎక్కొచ్చినవాడు

ఆ బావికి మొదటి నుంచీ మంచి పేరు లేదు.

దిగినవాళ్ళు దిగినట్టు పైకి రారని చెప్పుకునేవారు. సగం దూరం దిగేసరికి కింద ఎవరో నిలబడి ఉంటారట... మనం ఆగితే వాళ్ళూ ఆగుతారట. మనం పైకి తిరిగామా — వెనకాలే ఎక్కడం మొదలుపెడతారట. ఒకాయన "దిగకండి" అని ఒక్క ముక్క రాసి పెట్టి, ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ ఒక్క అక్షరం కూడా రాయలేదు.

"పెళ్ళయిపోయి ఉంటుంది," అంది అక్క ఆ సంగతి విని. "లేదా బుద్ధొచ్చి ఉంటుంది."

కంగారు పడకండి. ఆ బావి ఏ వీధిలోనూ లేదు. అది ఒక పాత వీడియో గేములో ఉంది. టీవీకి తగిలించుకుని, క్యాసెట్ పెట్టి, జాయ్‌స్టిక్ పట్టుకుని ఆడే రోజుల నాటి ఆట. పసుపు చొక్కా వేసుకున్న ఒక బుల్లి మనిషి, చేతిలో లాంతరుతో, కోటలూ గుహలూ దాటుకుంటూ పోతాడు. ఎందుకు పోతాడో ఆ ఆట తయారు చేసినవాళ్ళకైనా తెలుసో లేదో. అలా పోయి పోయి చివరికి ఈ ఎండు బావి దగ్గర తేలతాడు.

ఈ కథ జరిగింది ఒక టైలర్‌కి. మెడలోంచి కొలతల టేపు తియ్యడు కాబట్టి స్నేహితులు 'టేపు' అనే పిలుస్తారు. నిద్రలో కూడా తియ్యడని వాళ్ళక్క సాక్ష్యం. నలభై దాటిన మనిషి. ఇప్పుడు తన కథ తనే చెప్పుకుని, నవ్వాల్సిన చోట అందరికంటే ముందు తనే నవ్వుతాడు. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ముందు వీళ్ళ పిచ్చి ఏమిటో చెప్పాలి. లేకపోతే భయపడాల్సిన చోట మీరు భయపడరు.

పాత ఆటలంటే ప్రాణం పెట్టే మనుషులు కొందరున్నారు. ఆడితే వాళ్ళకి సరిపోదు, పటాలు తయారు చేస్తారు. ఆటలో తెర మీద ఒకసారికి కనిపించేది కిటికీలోంచి చూసినంత మేరే. బుల్లి మనిషి నడిచేకొద్దీ ఆ కిటికీ జరుగుతూ ఉంటుంది. జరిగినప్పుడల్లా ఒక ఫొటో తీసి, అన్నిటినీ అంచుకి అంచు కలిపి అతికిస్తే — కోట మొత్తం ఒక్క దుప్పటిలా పరుచుకుంటుంది. మెట్లెక్కడ, ముళ్ళెక్కడ, తాళం చెవి ఎక్కడ, అన్నీ కనిపిస్తాయి. చిక్కల్లా ఒకటే. ప్రతి ఫొటోలోనూ మన బుల్లి మనిషి అడ్డంగా నిలబడి ఉంటాడు. పటంలో ఉండాల్సింది దారి, దారిన పోయేవాడు కాదు కదా! అందుకని ప్రతి చోటా వాణ్ణి ఒకసారి అటూ, ఒకసారి ఇటూ నిలబెట్టి రెండు ఫొటోలు తీస్తారు. ఒకదానిలో వాడు నిలబడ్డ చోటికి, రెండోదానిలోంచి ఖాళీ ముక్క కత్తిరించి మాటు వేస్తారు. అంతే, వాడు మాయం.

మాటు వెయ్యడం టేపుకి ఎవరో నేర్పాలా? గళ్ళ చొక్కాకి జేబు కుడితే, జేబు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అందుకే ముగ్గురు స్నేహితుల్లో అతికింపు పని వాడిది. మిగతా ఇద్దరూ మందుల షాపు ఆయనా, బస్సు డ్రైవరూ.

"అతుకు కనిపిస్తే నా పేరు టేపే కాదు!" అని వాడి కోతలు.

"నీ పేరు టేపు కాదు కదరా, మేం పెట్టింది," అని డ్రైవరు.

కోటలన్నీ అయ్యాయి. గుహలన్నీ అయ్యాయి. బావి మాత్రం ఎవరివల్లా పూర్తి కాలేదు. మందుల షాపు ఆయన దిగిన రోజున ఆయన టీవీ కాలిపోయింది. డ్రైవరు దిగిన మర్నాడు బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయింది. "ఆ బస్సు అంతకుముందెప్పుడూ ఆగలేదా?" అని అడిగితే మాత్రం మాట మార్చేస్తాడు.

టేపుకీ దిగే ఉద్దేశం లేదు. దింపింది అక్క.

కింద కుట్టు దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో అక్కకి సగం వాటా, పెత్తనంలో పూర్తి వాటా. ఒక సాయంత్రం బొత్తాలు కుడుతూ, తలెత్తకుండానే అంది —

"రేపు పొద్దున ఓవర్‌లాక్ మిషను వస్తోంది. వెనక గది మూల ఖాళీ చెయ్యి."

"అక్కా! అక్కడ నా టీవీ ఉంది."

"తెలుసు. ఈ దుకాణంలో పని చెయ్యనివి రెండు. ఆ టీవీ, నువ్వూ. టీవీ అయితే మొయ్యడం తేలిక."

"ఒక్క బావే మిగిలింది అక్కా... అదయితే పటం పూర్తి."

"ఆ ఒక్కటీ రెండేళ్ళుగా మిగులుతూనే ఉంది. సరే, విను. మిషను గుమ్మంలోకి వచ్చేసరికి నీ పటం పూర్తయి కనిపించాలి. కనిపిస్తే ఆ మూల నీది, నేను మళ్ళీ ఎత్తను. లేదంటే టీవీ పాత సామాన్లవాడికి."

ఇది ఉత్త బెదిరింపు కాదు. ఆ ఆట పాత డబ్బా టీవీలోనే నడుస్తుంది. ముగ్గురికీ కలిపి మిగిలింది ఇదొక్కటే. ఇది పోతే బావి పోయినట్టే, ఇన్నాళ్ళ పటమూ చివరి ముక్క లేని చొక్కాలా మిగిలిపోయినట్టే.

ఆ రాత్రి టేపు వెనక గదిలో చేరాడు. సౌండు తగ్గించమని అక్క కిందికి రాకుండా లోపలి నుంచి గడియ పెట్టాడు. తాడు మీద కుట్టిన బట్టలు వేలాడుతున్నాయి. మూలన కొలతలకి వాడే తల లేని బొమ్మ. అది తనవైపే చూస్తున్నట్టుందని గోడవైపు తిప్పి పెట్టాడు. తలే లేనిదానికి కళ్ళెక్కడివి అని మీరు అడగొచ్చు. వాడు అడగలేదు.

ఫొటోలు దానంతటదే తీస్తూ ఉండేలా టీవీకి కలిపిన కంప్యూటర్‌ని సిద్ధం చేసి, జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకున్నాడు.

బుల్లి మనిషి బావిలోకి దిగాడు.

మొదట రాళ్ళ వరసలు. లాంతరు వెలుగు పసుపు వలయంలా చుట్టూ పడుతోంది. అటు నిలబెట్టి ఒక ఫొటో, ఇటు నిలబెట్టి ఒక ఫొటో. మళ్ళీ ఒక మెట్టు కిందికి. ఆట సంగీతం సన్నగా, తిరిగిందే తిరుగుతూ మోగుతోంది...

ఇంకా కిందికి. రాళ్ళ మధ్య వేళ్ళు. ఇంకా కిందికి. వేళ్ళ మధ్య ఏవో కన్నాలు.

"ఏముందిక్కడ... ఏం లేదు," అని పైకే అన్నాడు టేపు. ధైర్యం కోసం అన్నాడు కానీ, తన గొంతు తనకే నచ్చలేదు.

బావి అడుగు తగిలింది.

అప్పుడు — సంగీతం తగ్గింది. ఆగిపోవడం కాదు... తగ్గింది. సన్నబడి, ఇంకా సన్నబడి... లేదు.

గదిలో నిశ్శబ్దం. వాడి ఊపిరి వాడికే వినిపించింది.

ఇక వేళ్ళు ఏ మీట నొక్కాయో వాడికే తెలియదు. తెర మీద బుల్లి మనిషి ఎగిరాడు, లాంతరు ఆరిపోయింది, బావంతా చీకటి. పైకి... పైకి... పైకి. గట్టు దాటి బయట పడ్డాకే జాయ్‌స్టిక్ వదిలాడు.

అక్కడే లేచి వెళ్ళి పడుకుని ఉంటే కథే లేదు. కానీ పొద్దున్నే మిషను వస్తుంది. ఎదురుగా ఫొటోలున్నాయి. కంప్యూటర్ ముందు కూర్చుని అడుగు నుంచి అతకడం మొదలుపెట్టాడు.

మొదటి ముక్క. బావి అడుగు. చీకట్లో రాళ్ళు...

రాళ్ళ మధ్య ఎవరో నిలబడి ఉన్నారు.

నల్లగా ఉన్నారు. మొహం లేదు. తెల్లటి కళ్ళు రెండు.

టేపు కళ్ళు నులుముకున్నాడు. మరకేమో అనుకున్నాడు. బట్టల మీద మరకలతో బతికేవాడు కదా! రెండో ముక్క దాని పైన అతికించాడు.

వాడు రెండో ముక్కలో కూడా ఉన్నాడు. కొంచెం పైన.

మూడో ముక్క. ఇంకొంచెం పైన. చేతులు రాళ్ళని పట్టుకుని ఉన్నాయి.

ఆపెయ్యాలి... తెలుసు. కానీ చెయ్యి ఆగడం లేదు. ఒక్కో ముక్క అతికినప్పుడల్లా వాడు ఒక్కో వరస పైకి వస్తున్నాడు. తనే వాణ్ణి పైకి లాగుతున్నట్టుంది.

వేళ్ళు దాటాడు.

పై రాళ్ళు దాటాడు.

గట్టు మీద చెయ్యి వేశాడు.

ఆఖరి ముక్క — గట్టు బయట. వాడు బావిలో లేడు. బయటికొచ్చి, తెర అంచున నిలబడి, ఇటే చూస్తున్నాడు...

సరిగ్గా అప్పుడు, మెడ మీద ఎవరిదో చెయ్యి మెత్తగా ఆనింది.

అది తాడు మీద వేలాడుతున్న చొక్కా చెయ్యి. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం టేపు పెట్టిన కేకకి పైన అక్క నిద్ర లేచింది. గడియ తీద్దామంటే రాదు. గుంజాడు. ఊపాడు. తలుపుని బతిమాలాడు. చివరికి రెండు చేతులతో లాగితే ఊడొచ్చింది, ఆ ఊపులో వాడు ముందు గది దాటి వీధిలో పడ్డాడు. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. పరిగెడుతుంటే మెడలో టేపు వెనకాల తోకలా ఎగిరిందట.

వీధి చివర మందుల షాపు ఆయన షట్టర్ దింపుతున్నాడు. డ్యూటీ దిగిన డ్రైవరు పక్కనే నిలబడి కబుర్లు చెబుతున్నాడు.

"అన్నా... ఎక్కొచ్చేశాడు," అన్నాడు టేపు ఊపిరి అందక.

"ఎవడు?"

"బావిలోవాడు!"

డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు. మందుల షాపు ఆయన మాత్రం షట్టర్‌కి తాళం వేసి, జేబులోంచి కళ్ళజోడు తీసుకున్నాడు. ఆయనకి ఏ చీటీ అయినా చదివితే గాని నమ్మకం కలగదు.

దుకాణానికి వచ్చేసరికి అక్క చేతిలో చీపురుతో గుమ్మంలో ఉంది. నలుగురూ కంప్యూటర్ ముందు నిలబడ్డారు. మందుల షాపు ఆయన ఆ నల్లటివాణ్ణి అడుగు నుంచి పైదాకా ఒక్కో ముక్కా చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు.

"ఒరేయ్ టేపూ... లాంతరు ఆరిపోతే మన బుల్లి మనిషి ఎలా కనిపిస్తాడ్రా?"

"నల్లగా... కళ్ళు మాత్రం తెల్లగా..." అని టేపు ఆగిపోయాడు.

"నువ్వు భయపడి పైకి పరిగెత్తావు. ఫొటోలు వాటంతటవే పడ్డాయి. దిగేటప్పటివి వదిలేసి ఇవి అతికించావు. వాణ్ణి చెరపడం మర్చిపోయావు. నిన్ను తరుముకుంటూ వచ్చింది నువ్వేరా!"

డ్రైవరు నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. "మాకేమో క్లాసులు పీకుతాడు, పటంలో మనిషి కనపడకూడదని! ఏకంగా బావి పొడుగునా వీడే!"

"అవును, వీడే," అంది అక్క తెరకి దగ్గరగా వంగి. "పరుగు చూస్తే తెలియడం లేదూ? మోకాళ్ళు అలా పడేవి వీడివే."

టేపు సిగ్గుతో టేపు చివర నములుతూ కూర్చున్నాడు. నవ్వులు అయ్యాక ముగ్గురూ కూర్చుని, దిగేటప్పటి ఫొటోల్లోంచి ఖాళీ రాళ్ళు తెచ్చి నల్లటివాణ్ణి ఒక్కో వరసలో చెరిపేశారు. తెల్లవారేసరికి బావి మచ్చ లేకుండా తయారైంది. పటం పూర్తి. ఎక్కడా అతుకు కనిపించలేదు. అక్క కూడా ఒప్పుకుంది, అదీ రెండుసార్లు.

గెలిచిన ఊపులో టేపుకి మాటలొచ్చాయి.

"అసలంతా నీ వల్లేనక్కా. నువ్వొచ్చి సౌండు తగ్గించకపోతే నేనెందుకు భయపడేవాణ్ణి?"

"నేనెక్కడొచ్చాను?"

"రాకపోవడమేమిటి? టీవీ నాబ్ చూడు, అడుగుదాకా తిప్పేసి ఉంది."

"నువ్వు లోపల గడియ పెట్టుకున్నావుగా. నేను దిగింది నీ కేక వినే."

నలుగురూ నాబ్ వైపు చూశారు.

"నాబ్ వదులై ఉంటుంది," అన్నాడు డ్రైవరు. "పాతది కదా... దానంతటదే..."

మందుల షాపు ఆయన వెళ్ళి నాబ్ పట్టుకున్నాడు. బిగుసుకుపోయి ఉంది. రెండు వేళ్ళతో తిరగలేదు. పిడికిలి బిగించి తిప్పితే, కర్రుమని శబ్దం చేస్తూ కదిలింది. ఆట ఇంకా ఆడుతూనే ఉందని అప్పుడు తెలిసింది. ఆ సన్నటి సంగీతం మళ్ళీ గదిలోకి వచ్చింది. ఆయన చెయ్యి తీసేసి, చొక్కాకి తుడుచుకున్నాడు.

అంతలో బయట బండి ఆగింది. ఇద్దరు మనుషులు మిషను మోసుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఎక్కడ పెట్టమంటారమ్మా?"

అక్క వెనక గది మూల వైపు చూసింది. తల లేని బొమ్మ గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"ముందు గదిలో పెట్టండి, బాబూ. వెలుతురు బాగుంటుంది." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "మాటంటే మాటేరా. ఆ మూల నీదే. హాయిగా కూర్చో."

టేపు మూలని చూశాడు. టీవీని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్కా... ముందు గదిలో ఇంకొంచెం చోటేమైనా ఉంటుందా?"