అతుకు కనిపించని కూజా

ఓర్నెల్లా టూత్‌బ్రష్‌తో కుండ పెంకులు కడుగుతోంది. చెర్వెతెరీలో తవ్వకాల వాళ్లు అద్దెకు తీసుకున్న ఇల్లు అది. రోమన్లకన్నా ముందటి ఎట్రుస్కన్ జాతి సమాధుల్లో దొరికిన ప్రతి పెంకూ ముందు ఆమె తొట్టిలోకే వస్తుంది. ఆమె అసలు ఉద్యోగం రోమ్‌లోని గూఢచారి శాఖలో. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికే తెలుసు, కూజాలు అతికే మిరెల్లాకి. మిరెల్లా కూడా ఆ శాఖ మనిషే.

బయట లారీ ఆగింది. డ్రైవర్ సెట్టిమియో టోపీ తీసి లోపలికి వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, గాలి సముద్రం వైపు నుంచేనా?"

అది కోడ్ మాట. ఓర్నెల్లా చెయ్యి ఆగలేదు. "కాదు, కొండ మీది నుంచి."

అతను కూజాల పెట్టె సర్దుతున్నట్టు వంగి గొంతు తగ్గించాడు. "పడవలో ఏమీ లేదు. మనవాళ్లంతా రేవులో కూర్చుని చేపల వంక చూస్తున్నారు."

"ఫిల్మ్ పడవలో ఉందని కబురు పంపింది మిరెల్లాయే కదా?"

"అదే చెబుతున్నా. ఆవిడ అవతల వాళ్ల వైపు తిరిగిపోయింది. ఫిల్మ్ ఈ పెట్టెల్లోనే ఉంది. ఎగ్జిబిషన్ పేరుతో విమానమెక్కుతుంది. అవతల వాళ్ల మనిషి కాచుకుని ఉన్నాడు."

"లారీ ఆపలేవా?"

"పెట్టెలకి సీళ్లు వేసే అధికారి గేటు దగ్గరే ఉన్నాడు. సీలు పడితే నేనూ ముట్టుకోలేను."

ఆ ఫిల్మ్‌లో ఉన్నవి సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న ఏజెంట్ల ఫొటోలు. అందులో ఒకటి తుల్లియోది. ఓర్నెల్లా భర్త.

ఆమె లేచి మొదటి పెట్టెలో గడ్డి లాగింది.

"అమ్మాయ్! పిచ్చి పట్టిందా నీకు?" ప్రొఫెసర్ గ్వాల్తియెరో గుమ్మంలోంచి అరిచాడు. అతని వెనక మిరెల్లా, నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్.

"బ్రష్ పడిందండీ ప్రొఫెసర్ గారూ."

"ఏకంగా పెట్టెలోకే ఎగిరిందా? రెక్కలున్న బ్రష్!" మిరెల్లా నవ్వింది.

మొదటి కూజా మీద అతుకులు పాలిపోయి కనిపించాయి. రెండోదాని మీదా అంతే. ఈ పని నేర్చినవాళ్లెవరూ అతుకు దాచరు. ఏది పాత మట్టో, ఏది తాము పెట్టిందో చూసేవాళ్లకి తెలియాలని ఒక ఛాయ తక్కువ రంగు వేసి వదిలేస్తారు.

మూడోది నర్తకుల కూజా. దాని పెంకులు కడిగింది తనే. ఒక నర్తకి పాదం ఉన్న ముక్క ఎంత వెతికినా దొరకలేదు. దాని కోసం ప్రొఫెసర్ భోజనం మానేశాడు కూడా.

ఇప్పుడు పాదం ఉంది. అతుకు లేదు.

ఓర్నెల్లా కూజాని తొట్టిలో ముంచింది.

"దేవుడా! రెండున్నర వేల ఏళ్లది!"

"నిప్పులో కాలిన మట్టిని నీళ్లేం చేస్తాయండీ?"

బ్రష్‌తో రుద్దింది. నల్లరంగు కరిగి నర్తకి పాదం నీళ్లలో కలిసిపోయింది. కింద ప్లాస్టర్ ఇంకా పచ్చిగానే ఉంది. గేటు దగ్గర అధికారి హారన్ కొట్టాడు. కత్తి మొన గుచ్చగానే మైనపు కాగితం చుట్టిన చిన్న చుట్ట ఆమె అరచేతిలో పడింది.

మిరెల్లా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. సెట్టిమియో ఆ మణికట్టు పట్టుకుని లిప్‌స్టిక్ లాక్కున్నాడు. మూత కింద సన్నటి తుపాకి గొట్టం.

"ఈ రంగు మీకు నప్పదు మేడమ్."

మిరెల్లా అతన్ని పట్టించుకోలేదు. "కొంచెం వెలిసినట్టు వేస్తే సరిపోయేది కదూ? అంత చక్కటి పాదం. పాడుచెయ్యడానికి చెయ్యి రాలేదు, ఓర్నెల్లా. నువ్వు నమ్మవు గానీ..." సెట్టిమియో లారీ ఎక్కించేదాకా మాట్లాడుతూనే ఉంది.

ప్రొఫెసర్ మాత్రం కూజా పొట్టలోని చిల్లునే చూస్తున్నాడు. "అతికే మనిషిని కాస్తా పట్టుకుపోయారు. నువ్వన్నా ఆ పెంకులు పూర్తిచెయ్యమ్మాయ్. రేపు ఇంకో సమాధి తెరుస్తున్నాం."

ఓర్నెల్లా చేతులు తుడుచుకుంది. ఫిల్మ్ పిడికిట్లో బిగించి గుమ్మం దాటి వెళ్లిపోయింది.

"చూశావా, పని చెబితే చాలు, అలక!" అన్నాడు ప్రొఫెసర్, ఒంటికాలి నర్తకితో.