నరానికీ కండకీ మధ్య

మత్తు డాక్టరుకి ఆ ఉదయం హెర్నియా ఆపరేషన్. ఏళ్ళ తరబడి టేబుల్ తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి, మొదటిసారి తనే టేబుల్ ఎక్కి పడుకున్నాడు. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. ఎప్పటి స్పిరిట్ వాసనే, ఎప్పటి ఏసీ చలే.

కత్తి పట్టేది అతని పాత స్నేహితుడు, సర్జన్. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. మత్తు ఇచ్చేది అతని దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి.

"భయమేస్తోందా బావా?" అన్నాడు సర్జన్.

"నీ కుట్లు చూసినవాడికి భయం కాక ఇంకేముంటుంది?"

శిష్యురాలు నవ్వింది. "పాఠం అప్పజెప్పనా సార్?"

"కానీ."

"మెదడు చెప్పింది నరం మోసుకొస్తుంది. కానీ నరం కండని తాకదు. మధ్యలో కంటికి కనిపించనంత సందు. నరం చివర ఒలికిన రసాయనం ఆ సందు దాటితేనే కండలో పోగులు ఒకదానిలోకి ఒకటి జారి, కండ ముడుచుకుంటుంది. మనమిచ్చే మందు ఆ సందులో అడ్డంగా కూర్చుంటుంది. ఇక మనిషి వేలు కూడా కదపలేడు."

"నొప్పి?"

"నొప్పిని మోసే నరాలు వేరు సార్. వాటిని ఈ మందు ముట్టుకోదు. అందుకే ముందు నిద్రపుచ్చాలి. నిద్ర తేలిపోకుండా చూసుకోవాలి."

"శెభాష్," అన్నాడతను.

చెప్పడంలో అతనంతటివాడు లేడు. చెయ్యడంలోనే వచ్చింది చిక్కంతా. మూడేళ్ళ క్రితం ఒకావిడకి ఈ సర్జనే పొట్ట కోస్తుండగా నిద్ర నిలబెట్టే గ్యాసు మందు అయిపోయింది. మెషీన్ గీపెట్టింది. అతను ఫోన్లో ఉన్నాడు, కొత్తింటి బాత్రూమ్‌కి ఏ టైల్స్ వేయించాలా అని. చిరాకేసి కూత ఆపేశాడు గానీ కూత ఎందుకో చూడలేదు. కుట్లు వేసేటప్పుడు గాని ఖాళీ బుడ్డి కంటపడలేదు. సర్జన్ కూడా చూశాడు.

మర్నాడు ఆవిడ వణుకుతూ అంతా చెప్పింది. కత్తి ఎక్కడ దిగిందో చెప్పింది. ఫోన్లో ఏం మాట్లాడాడో పొల్లుపోకుండా చెప్పింది. ఇతను కేస్ షీటు తిరగేస్తూ నిలబడ్డాడు. సర్జన్ మాత్రం తడుముకోలేదు. "మత్తులో పిచ్చి కలలొస్తాయమ్మా," అని కొట్టిపారేశాడు. ఆవిడ మొగుడూ అదే నమ్మాడు. పడుకుంటే ఊపిరాడటం లేదని ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోయేదట. ఏడాది తిరక్కుండానే పోయింది. ఎలా పోయిందో వీళ్ళిద్దరూ అడగలేదు. అలాంటివాళ్ళ మీద నాకేమీ జాలి లేదు.

ఇవాళ శిష్యురాలు అంతా సవ్యంగానే చేసింది. బుడ్డి నిండుగా ఉంది. మెషీన్ అంకెలన్నీ గాఢనిద్ర అనే చెబుతున్నాయి.

అతను మాత్రం మెలకువగా ఉన్నాడు.

గొంతులో గొట్టం. రొమ్ము తనంతట తానే లేచి పడుతోంది. అతను పీల్చడం లేదు, మెషీన్ ఊదుతోంది. రెప్పలు తెరుద్దామనుకున్నాడు. తెరుచుకోలేదు. చిటికెనవేలు... ఒక్క చిటికెనవేలు కదిలితే చాలు, అమ్మాయి చూస్తుంది... కదల్లేదు.

"మొదలెడదామా?" సర్జన్ గొంతు.

కత్తి దిగింది.

అరిచాడు. ఆ అరుపు నరాల వెంట పరుగెత్తి, సందు దగ్గర ఆగిపోయింది.

అప్పుడు చెవి పక్కన ఎవరో వంగినట్టయింది. చల్లటి ఊపిరి. ఆడగొంతు, చాలా మెల్లగా...

"తెల్ల టైల్సే వేయించారా సార్?"

అతని గుండె దడదడలాడింది.

"మీరు పాఠం బాగా చెబుతారు సార్... ఆ సందులో ఇక నేను కూర్చుంటాను."

ఆపరేషన్ అయింది. విరుగుడు సూది పడింది. "కళ్ళు తెరవండి సార్," అంది శిష్యురాలు. కళ్ళు తెరుచుకున్నాయి. తెరిచింది అతను కాదు.

"ఎలా ఉంది సార్?"

మెలకువగానే ఉన్నానమ్మా, చచ్చిపోయాను నొప్పితో, అని చెప్పబోయాడు. "హాయిగా నిద్రపట్టింది," అంది అతని నోరు.

ఆ రోజు నుంచి ఒళ్ళు అతనిది, కదలిక వేరొకరిది. కాళ్ళు ఇంటికి నడిచాయి. చేతులు అన్నం కలిపాయి. భార్య సంబరపడిపోయింది. "ఆపరేషనయ్యాక మీ ముక్కుమీది కోపం పోయిందండీ," అంది. లోపల్నుంచి అతను ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడు, బతిమాలాడు, ఏడ్చాడు. పెదాలు నవ్వుతూనే ఉన్నాయి. గుండె కండది వేరే జాతి, దానికి ఆ సందుతో పని లేదు కాబట్టి అదొక్కటే అతని భయానికి కొట్టుకునేది. దాన్ని వినేవాళ్ళెవరు?

కొన్నాళ్ళకి సర్జన్‌కి పిత్తాశయంలో రాళ్ళని తేలింది. కోసేది వేరే డాక్టరు. మత్తు మాత్రం...

"నువ్వు తప్ప ఇంకెవరూ వద్దు బావా," అన్నాడు సర్జన్, టేబుల్ మీద పడుకుని.

"నేనున్నాగా బావా," అంది నోరు.

చేతులు నిద్ర సూది ఇచ్చాయి. కండల్ని కట్టిపడేసే మందు ఇచ్చాయి. గొట్టం వేశాయి. తర్వాత కుడిచెయ్యి గ్యాసు బుడ్డి మీది మరని మెల్లగా తిప్పింది... పూర్తిగా మూసేసింది. మెషీన్ కూయబోయింది. వేలు దాన్ని నొక్కేసింది.

సూది మందు నిద్ర ఎంతసేపు? కాసేపట్లో తేలిపోతుంది.

లోపల్నుంచి అతను ఆ చనిపోయినావిణ్ణి వేడుకున్నాడు. తప్పు చేశాం, ఇద్దరం చేశాం... వీణ్ణి వదిలెయ్... కోసే డాక్టరు కత్తి అందుకున్నాడు. తన చేతినే చూస్తూ, ఉన్న బలమంతా కూడదీసుకుని, ప్రాణం పెట్టి ఆజ్ఞాపించాడు. కదులు. ఆ మర తిప్పు. కదులు...

కదిలింది.

అతని చెయ్యి కాదు. టేబుల్ మీద సర్జన్ బొటనవేలు.

అతను ఆగాడు. మళ్ళీ అనుకున్నాడు. ఆ వేలే మళ్ళీ కదిలింది. మందు మింగేసిన ఆ చచ్చుకండ, అతని మాట వింటోంది.

నర్సు చూసింది. అతని ప్రాణం లేచొచ్చింది.

"సార్, వేలు కదులుతోంది," అంది.

"అవునమ్మా, చూశాను," అంది అతని నోరు నెమ్మదిగా. "కండల మందు చాలినట్టు లేదు. ఇంకొంచెం ఇద్దాం."