కుర్చీలో మనిషి ఉండాలి

బ్రాస్‌వెల్ కాలేజీ స్టేడియం వెనక, మూతపడిన పాత టికెట్ల గది పక్కన ఒక స్థలం ఉంది. మా ఊళ్లో దాన్ని ఎవరూ పేరు పెట్టి చెప్పరు. "ఆ మూల" అంటారు... అంతే.

మా పిల్లలు బ్యాండు సాధన ముగించుకుని వచ్చేది ఆ దారినే. చీకటి పడితే చుట్టూ తిరిగి రమ్మని చెప్పాను. దెయ్యాలున్నాయని నమ్మి కాదు. లేవని నాకు ఖాయంగా తెలియదు కాబట్టి.

ఇదంతా నాకు ఎలియట్ చెప్పాడు. మా పెద్దదానికి బళ్లో లెక్కలు చెప్పే మాస్టారు అతను. గొప్పలు పోయే మనిషి కాదు. అయినా నా అనుమానం కొద్దీ ఓపల్‌ని కూడా అడిగి చూసుకున్నాను. ఆమె ఎవరో తర్వాత చెబుతాను. ఇద్దరి మాటా ఒకటే.

ఆ స్థలం ఎన్నో ఏళ్లుగా ఎలియట్ మామగారు హోయ్ట్ లెడ్‌బెటర్‌ది. కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి బండి నిలిపేవాడు. డేరా వేసి, పొయ్యి రాజేసి, పంది మాంసం పొగబెట్టి, దారిన పోయేవాళ్లందరినీ పిలిచి పెట్టేవాడు. మా ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని, నాలుగేసి ప్రయత్నాల్లో ముందుకు తీసుకెళ్లి, అవతలి గీత దాటించే అమెరికా ఆట. మా జట్టు పేరు కంచరగాడిదలు. ఆయన టోపీకి రెండు గుడ్డ చెవులు కుట్టి ఉండేవి. పోయిన జనవరిలో ఆయన పోయాడు.

ఏప్రిల్‌లో సాధన మ్యాచ్ ముందు రాత్రి ఆయన మేనల్లుడు డ్వైట్ అక్కడ పడుకున్నాడు. డ్వైట్ కరెంటు స్తంభాలెక్కే మనిషి. మా ఇంటి తలుపులోంచి రావాలంటే పక్కకి తిరగాలి. చీకటి పడి కాసేపయ్యాక... ఆ మూసిన గదిలోంచి గొంతు వచ్చింది.

"లే... లేచి పో..."

డ్వైట్ ఒక బూటు డేరా దగ్గర, ఇంకోటి కాలేజీ గేటు దగ్గర వదిలాడు. వేసవంతా చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ మూలకి చెడ్డపేరు అప్పటినుంచే.

ఆగస్టు చివరికి సీజన్ మొదటి మ్యాచ్ వచ్చింది. మా దగ్గర ఒక నియమం ఉంది. మొదటి మ్యాచ్ ముందు రాత్రి ఎవరి స్థలంలో వాళ్లు కుర్చీ వేసుకోవాలి. తెల్లారేసరికి ఆ కుర్చీలో మనిషి ఉండాలి. డేరా చెల్లదు, బండి చెల్లదు, కుక్క అసలే చెల్లదు. వెలుతురు రాగానే స్థలాలు చూసే ఆమె వస్తుంది. మనిషి కనిపిస్తే కుర్చీకి పసుపు రిబ్బను కడుతుంది, ఆ ఏడాదికి స్థలం మీది. కుర్చీ ఖాళీగా ఉంటే వరసలో తర్వాత ఉన్నవాళ్లకి పోతుంది. పోయిందంటే ఇక రాదు. ఈ రాత్రి కోసం పెళ్లిళ్లు వాయిదా వేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

హోయ్ట్ గారు ఆసుపత్రిలో ఆఖరుగా అన్న మాట దేవుడి గురించి కాదట. "స్థలం పోనివ్వకండి" అన్నాడట.

డ్వైట్ రానంటే రానన్నాడు. హోయ్ట్ గారి కూతురు డార్లాకి నెలలు నిండుతున్నాయి. ఇక మిగిలింది ఆమె భర్త ఎలియట్. ఉత్తరాన మంచు కురిసే ఊళ్లలో పెరిగినవాడు, ఫుట్‌బాల్ ముఖం ఎరగనివాడు. స్థలం తన చేతిలో పోతే ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగలేనని అతనికి తెలుసు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రాత్రి కుర్చీలో కూర్చున్నవాళ్లు తమకి బాగా గుర్తున్న పాత సీజన్ మొదటి మ్యాచ్ ఒకటి పైకి చెప్పాలి. ప్రతి డేరాలోనూ చెబుతారు. ఒకాయన నాన్న భుజాలమీద కూర్చుని చూసిన మ్యాచ్ చెబుతాడు. ఒకామె నొప్పులొస్తున్నా ఆఖరి విజిల్ దాకా లేవకుండా కూర్చున్న మ్యాచ్ చెబుతుంది. ఆమె కూతురికి ఆ రోజు గోల్ తన్నినవాడి పేరే పెట్టారు. పాపం, ఆ పిల్ల పేరు బబ్బా.

ఎలియట్‌కి చెప్పుకోడానికి ఒక్కటీ లేదు. అందుకని అత్తగారు నెల్డా తన భర్త ఎప్పుడూ చెప్పే మ్యాచ్‌నే అతనితో బట్టీ పట్టించింది. కుర్చీ పక్కన ఉడకబెట్టిన వేరుశనగకాయల సంచీ, చల్లటి తీపి టీ సీసా పెట్టింది. వెళుతూ వెళుతూ చెవిలో చెప్పింది.

"చూడు నాయనా, గొంతు వినిపిస్తే పరిగెత్తకు. ఆయన మ్యాచ్ ఆయనకే చెప్పు. దెయ్యమైనా సరే, అది వింటూ నిన్ను తరమలేడు."

చీకటి పడింది. కీచురాళ్లు మొదలయ్యాయి. దూరంగా ఉన్న డేరాల్లో నవ్వులు, పాటలు... ఈ మూలకి మాత్రం ఎవరూ రాలేదు. ఎలియట్ వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు. తొక్క పగిలిన చప్పుడుకి తనే ఉలిక్కిపడుతున్నాడు.

"లే..."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"లే... లేచి పో..."

గొంతు గదిలోంచే. ఆ తలుపుకి బయట తాళం ఉండటం సాయంత్రం తనే చూశాడు. కాళ్లు లేద్దామన్నాయి. ఎలియట్ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"ఆ ఏడు మొదటి మ్యాచ్... ఆఖరి నిమిషం... మనం నాలుగు పాయింట్లు వెనక. గీత రెండు గజాల దూరంలో ఉంది. మూడో ప్రయత్నం..."

"లేచి పో..."

"మూడో ప్రయత్నం. బంతి మన గ్రేడీ చేతికొచ్చింది..."

గదిలో గొంతు తడబడింది. తర్వాత, అయిష్టంగా—

"...నాలుగోది."

"ఆఁ?"

"నాలుగో ప్రయత్నం. మూడోది అంతకు ముందే చెడింది." కాస్త ఆగి, "లే... లేచి పో..."

ఎలియట్ ఆగలేదు. బట్టీ పట్టినవాడికి మధ్యలో ఆగితే మొత్తం పోతుందని భయం. "అంతలో... పిడుగు పడి లైట్లన్నీ ఆరిపోయాయి..."

"పిడుగేమిటయ్యా." ఈసారి గొంతులో దెయ్యం తగ్గింది, విసుగు పెరిగింది. "ఆకాశంలో మబ్బే లేదు. ఉడత. తీగ కొరికింది, సగం లైట్లు పోయాయి. నీకు ఎవరు చెప్పారు ఇదంతా?"

"మా అత్తగారు."

"నెల్డా ఆ రోజు అసలు రాలేదు. పన్ను నొప్పని ఇంట్లో పడుకుంది."

దెయ్యానికి అత్తగారి పన్ను సంగతి ఎలా తెలిసిందా అని ఎలియట్ ఒక క్షణం ఆలోచించాడు. మామగారైతే తెలియకుండా ఎలా ఉంటుంది... అనుకోగానే గబగబా ముగించేశాడు.

"ఆ చీకట్లో గ్రేడీ దూకాడు. బంతి గీత దాటింది. మనం గెలిచాం."

గది వెనక ఏదో చెక్క కిందపడింది. అడుగులు... చుట్టూ తిరిగి వస్తున్నాయి... చీకట్లోంచి పసుపు దుప్పటి కప్పుకున్న ఆకారం ఒకటి వచ్చి అతని ముందు నిలబడింది.

"దాటలేదు," అంది ఆకారం.

దుప్పటి జారింది. లోపల పర్విస్ టిడ్‌వెల్. ఊళ్లో ఏళ్ల తరబడి ఉత్తరాలు పంచి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. గది వెనక గోడకి ఒక చెక్క ఊడి ఉందట. అందులోంచి దూరేవాడట.

కోపగించడం ఎలియట్‌కి చేతకాలేదు. కూర్చోమన్నాడు. పర్విస్ గారు నేలమీదే కూలబడి, వేరుశనగకాయలు తింటూ మొత్తం చెప్పేశాడు. ఈ స్థలానికి వరసలో తర్వాతివాడు ఆయనే. పద్నాలుగేళ్లుగా ఆయన డేరా తాత్కాలిక మరుగుదొడ్ల పక్కన. గాలి వాలు ఎప్పుడూ ఆయన వైపేనట. అక్కడ కూర్చుని మాంసం తినడమంటే ఎంత నిగ్రహం కావాలో నీకు తెలియదన్నాడు. డ్వైట్‌ని తరిమింది తనేనన్నాడు. ఎలియట్‌నీ తరిమేవాడేనట. మూడో ప్రయత్నం అనకుండా ఉంటే.

"పోనీ, ఆ రోజు మనం గెలిచాం కదా," అన్నాడు ఎలియట్.

"గెలిచాం, రిఫరీ ఇచ్చేశాడు కాబట్టి. నాకూ సంతోషమే, నేనూ కంచరగాడిదనే. కానీ దాటలేదు. నేనూ మీ మామా పక్కపక్కన కూర్చున్నాం. దాటిందన్నాడు. దాటలేదన్నాను. ఆ రాత్రినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు." పర్విస్ గారు కాయ తొక్క దూరంగా విసిరాడు. "వాడి శవపేటిక మోశాను. మోస్తూ కూడా అదే అనుకున్నాను. ఈ కళ్లతో చూశాను బాబూ. బంతి గీత దాటలేదు."

కీచురాళ్లు ఆగిపోయాయి.

"దాటింది."

గొంతు గదిలోంచి వచ్చింది.

ఎలియట్ పర్విస్ గారి వైపు చూశాడు. పర్విస్ గారి నోటినిండా కాయలున్నాయి. ఆయన నమలడం మానేశాడు.

"లోపల ఇంకెవరున్నారు?" ఎలియట్ గుసగుసలాడాడు.

పర్విస్ గారు తల అడ్డంగా ఊపాడు. ఎవరూ లేరు. ఆ గదిలో ఒక్క మనిషికే చోటు. ఆ మనిషి ఇక్కడున్నాడు.

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా... ఊరుకోలేకపోయాడు. నోట్లో కాయలు మింగి, ఆ గది వైపు తిరిగి సన్నగా అన్నాడు. "దాటలేదు, హోయ్ట్."

"దాటింది," అంది గొంతు. ఈసారి గదిలోంచి కాదు. వాళ్లిద్దరి మధ్యలోంచి.

ఎవరు ముందు లేచారో ఎలియట్ చెప్పలేకపోయాడు. పడుతూ లేస్తూ డేరాల మధ్యనుంచి, తాళ్లు తగులుకుంటూ పరిగెత్తారు. పర్విస్ గారు పరిగెత్తుతూ కూడా వెనక్కి తిరిగి రెండుసార్లు "దాటలేదు" అన్నాడట. రోడ్డు అవతల రాత్రంతా తెరిచి ఉండే ఫలహారశాలలో దూరి, తలుపుకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నారు. కాఫీ మీద కాఫీ తెచ్చింది అక్కడి అమ్మాయి.

కిటికీ తెల్లబడింది. అప్పుడు గుర్తొచ్చింది ఎలియట్‌కి... కుర్చీ.

లేచి ఉరికాడు. పర్విస్ గారు రొప్పుతూ వెనకాలే వచ్చాడు. స్థలాలు చూసే ఓపల్ అప్పటికే ఆ వరస ముగించి, చేతిలో రిబ్బనుకట్టతో ఎదురొస్తోంది. ఈ ఏడే కొత్తగా చేరింది, పక్క ఊరి మనిషి. హోయ్ట్ గారిని ఎప్పుడూ చూడలేదు.

ఎలియట్ నోరు తెరిచేలోపే పర్విస్ గారు అందుకున్నాడు. న్యాయం న్యాయమే అన్నాడు. సగం రాత్రినుంచీ ఆ కుర్చీ ఖాళీ, తనే సాక్షి, నియమం ప్రకారం స్థలం తనదేనన్నాడు. చెబుతున్నంతసేపూ ఎలియట్ ముఖం వైపు చూడలేదు. ఎలియట్ కాదనలేదు. అబద్ధం ఆడటం చేతకాదు అతనికి. నెల్డాకి ఏం చెప్పాలా అని నేలవైపు చూస్తూ నిలబడ్డాడు.

ఓపల్ వాళ్లిద్దరినీ వింతగా చూసింది.

"ఖాళీ ఎక్కడండీ. ఇప్పుడేగా రిబ్బను కట్టి వస్తున్నాను. మీదేనా ఈ స్థలం అని అడిగాను కూడా. మా అల్లుడిది, కాఫీ తాగొస్తానని వెళ్లాడు, అందాకా నేను కూర్చున్నాను అన్నారు."

"ఎవరు?" అన్నాడు ఎలియట్.

"అదిగో, ఆయనే." ఓపల్ వాళ్ల భుజాలమీదుగా ఆ మూల వైపు చెయ్యి చూపించి, వెంటనే వేలు పెదవులమీద పెట్టుకుంది. "కాస్త మెల్లగా మాట్లాడండి బాబూ. పెద్దాయనకి ఇప్పుడే కునుకు పట్టింది."

ఇద్దరూ తిరిగి చూశారు.

టికెట్ల గది. డేరా. చేతికి పసుపు రిబ్బను కట్టిన ఖాళీ కుర్చీ.

పర్విస్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎలియట్ డేరాలోంచి ఇంకో కుర్చీ తెచ్చి, చప్పుడు కాకుండా విప్పి, దాని పక్కన వేసుకుని కూర్చున్నాడు.