అర సెకను తేడా

దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయంటారు. నాకు ఎదురైంది మాత్రం ఒక శనివారం మధ్యాహ్నం, కడుపునిండా అన్నం తిన్నాక, నా షెడ్డులోనే.

నేను పెట్రోలు రంపాల మెకానిక్‌ని. ఇంజను శబ్దం వింటే చాలు, దాని జబ్బేమిటో చెప్పేస్తాను. పనికి తగ్గ పేరుంది, పేరుకి మించిన పొగరూ ఉంది. మా బావ చెట్లు కొట్టేవాడు. అక్క కింద నిలబడి తాళ్లు లాగేది. బావా నేనూ ఒకేరోజు ఒకేరకం రంపాలు కొన్నాం. ఆదివారం వస్తే ఒకే దుంగ మీద ఇద్దరికీ పోటీ. అక్క చేతిలో స్టాప్‌వాచ్ ఉండేది.

"నీ రంపానికి గొంతు పెద్దది, కోత చిన్నదిరా బావమరిదీ" అని బావ ఏడిపించేవాడు.

ఒకసారి తన రంపాన్నే నా చేతికిచ్చి, నీ పనితనం చూపించమన్నాడు. సైలెన్సర్ రంధ్రం పెద్దది చేశాను. సిలిండర్లో పొగ పోయే దారిని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాను. కోత పదమూడు సెకన్ల నుంచి పదకొండున్నరకి దిగింది. నాకు పదకొండు కావాలి. గొలుసుని ఆపే బ్రేకు పట్టీ డ్రమ్ముకి కాస్త రాసుకుంటోంది. దాన్ని తీసేశాను. మళ్లీ బిగించే వీల్లేకుండా దాని దిమ్మని కూడా కోసి పారేశాను. చూపుకి పైన బ్రేకు పిడి మాత్రం ఉంచాను. పదకొండు వచ్చింది. బ్రేకు సంగతి బావకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు.

పదిరోజులకి బ్లేడు కొస కొమ్మ ముడికి తగిలి రంపం బావ మీదకే ఎగిరింది. ఆగాల్సిన గొలుసు ఆగలేదు.

పరామర్శకి వచ్చినవాళ్లు ఎలా జరిగిందని అడిగితే, "బావకి తొందరెక్కువ" అన్నాను. అక్క పక్కనే ఉంది. నా మాట నమ్మింది.

మూడు నెలలకి అక్క ఆ రంపం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇక చెట్లు నేనే కొడతానురా. ఆయన రంపంతోనే. బాగుచేసి పెట్టు, శనివారం నాలుగింటికి వస్తాను" అంది.

బ్రేకు పిడి ఒక్కసారి నొక్కిందంటే చాలు, లోపల బ్రేకు లేదని తెలిసిపోతుంది. తన భర్తని చంపిందెవరో కూడా తెలిసిపోతుంది. అందుకని నా రంపాన్నే బావదని ఇద్దామనుకున్నాను. పైకి రెండూ ఒకటే, బావ తన రంపం పట్టుకి చుట్టుకున్న నల్లటేపు తప్ప. అయితే అక్క చెవిని మోసం చెయ్యడం కష్టం. నాలుగేళ్లు ఆ ఇంజను పక్కన నిలబడ్డ మనిషి. నా రంపం కూడా బ్రేకుతోనే పదకొండులో కోయాలి. అదే గొంతుతో కోయాలి.

శనివారం మబ్బు పట్టింది. షెడ్డు తలుపు లోపల గడియ పెట్టుకున్నాను. కాలిన ఆయిలు వాసన, పొట్టు వాసన. ముందు బావ రంపంతో దుంగ కోశాను. పదకొండు. తర్వాత నాది. పన్నెండు ముప్పావు. విప్పాను, అరగదీశాను, బిగించాను. పన్నెండు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. చెవులు మూసుకుని రంపం నడిపేవాణ్ణి వెనక నుంచి ముట్టుకోకూడదు. ఉలిక్కిపడి తిరిగితే ప్రాణాలు పోతాయి. చిన్న చెక్కముక్క అతని ముందు పడేలా విసరాలి. అది చూసి అతను ఇంజను రేసు తగ్గిస్తాడు. అప్పుడే దగ్గరికి వెళ్లాలి.

మూడో కోతలో ఉండగా నా ముందు చెక్కముక్క పడింది.

ఇంజను ఆపి తిరిగాను. ఎవరూ లేరు. గడియ వేసినట్టే ఉంది. దుంగలోంచే ఎగిరి ఉంటుందిలే అనుకున్నాను.

నాలుగో కోతలో ఇంకోటి పడింది. ఈసారి తిరగలేదు. తిరగడానికి భయమేసింది.

ఐదోసారి ముక్క నా బూటు మీద పడింది. వంగి తీశాను. నేను కోస్తున్నది ఎండిన తెల్ల చెక్క. ఇది పచ్చిది... వేళ్లకి తడి తగిలింది... ఎర్రగా ఉంది.

"బావా..." అన్నాను.

నేనెంత పాపినంటే, అప్పుడు కూడా గడియారం వైపే చూశాను. పదకొండు సెకన్లు. సరిగ్గా పదకొండు.

బావ రంపాన్ని ఏ ముక్కకి ఆ ముక్క విప్పి, పెట్రోలు పోసిన ట్రేలో పడేశాను. దాని నల్లటేపు ఒలిచి నా రంపం పట్టుకి చుట్టాను. నా రంపం ట్యాంకు ఖాళీ చేసి దాన్ని బల్ల మీద పెట్టాను. గడియ తీసి చేతులు కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్లాను. సబ్బు ఎంత రుద్దినా ఎరుపు పోలేదు.

తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. "తీసుకెళ్తున్నా" అని అక్క బల్ల మీద సుద్దతో రాసి వెళ్లింది. అయినా ఆ రాత పక్కనే రంపం ఉంది. పిడి నొక్కాను. టక్కుమని బ్రేకు పడింది. ఇది నాదే.

ట్రే వైపు చూశాను. ఖాళీ. తుడిచినట్టు పొడిగా ఉంది.

అయితే అక్క తీసుకెళ్లింది బావ రంపాన్నా...

వెనక వీధిలో ఇంజను అరిచింది. చెక్కలోకి దిగింది. ఆ గొంతు నాకు తెలుసు.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మలుపు తిరగ్గానే శబ్దం ఆగింది. పడిపోయిన చెట్టు పక్కన అక్క నిలబడి ఉంది, రంపం చేతిలో, చెవిమూతలు మెడలో.

"కింద పెట్టెయ్యక్కా! దానికి బ్రేకు లేదు! నేనే తీశాను... అర సెకను కోసం తీశాను. బావ తప్పేం లేదు!"

అక్క ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత పిడి నొక్కింది.

టక్.

బ్రేకు పడింది.

"ఇందులో పెట్రోలే లేదురా. ఇంకా స్టార్టరు తాడు కూడా లాగలేదు" అంది మెల్లగా. చెట్టు మీద ఒక్క గాటు కూడా లేదు. ఆమె చేతిలో ఉన్నది నేను ట్యాంకు ఖాళీ చేసిన నా రంపమే; మరి బల్ల మీద నేను నొక్కింది బావదన్నమాట.

అప్పుడు నా షెడ్డులో ఇంజను మొదలైంది.

ఈసారి అక్క కూడా విన్నది. రంపం ఎత్తుకుని అటు నడిచింది. "వద్దక్కా" అన్నాను. వెనక్కి తిరగలేదు. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి ఇంజను రేసు మెల్లగా తగ్గింది... అయినవాళ్లెవరో వచ్చారని తెలిసినట్టు.

అక్క లోపలికి వెళ్లింది. తలుపుకి లోపల గడియ పడింది. తలుపు బాదాను, పేరు పెట్టి పిలిచాను.

కాసేపటికి లోపల రెండు ఇంజన్లు నడుస్తున్నాయి. అక్క చేతిలో ఉన్నదాంట్లో చుక్క పెట్రోలు లేదు.